డబ్బు పెట్టని క్రికెట్ లీగ్: పిల్లలకు సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేదెలా?

ఐపీఎల్ మొదలైందంటే చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, తిరుపతి ఎక్కడ చూసినా అదే మాట. టీ కొట్టు దగ్గరా, ఇషా నమాజు అయ్యాక మసీదు బయటా, కాలేజీ బస్సులోనూ కుర్రాళ్లు ఎవర్ని టీమ్‌లోకి తీసుకోవాలి, ఎవరు కెప్టెన్ అయితే బాగుంటుంది అని వాదించుకుంటూనే ఉంటారు. ఇందులో తప్పేమీ లేదు. ఆట మీద ఇష్టం, లెక్కల మీద పట్టు, నలుగురితో కలిసి ఆలోచించడం అన్నీ మంచివే.

చిక్కు వచ్చేది మధ్యలోకి డబ్బు దూరినప్పుడు. 49 రూపాయలతో మొదలైనది వేలల్లోకి పోతుంది. అమ్మీ ఫోన్‌లోని యూపీఐ పిన్ పిల్లోడికి తెలిసిపోతుంది. పోయిన డబ్బు తిరిగి రాబట్టాలని ఇంకొంత పెడతారు, అది చాలక లోన్ యాప్ దాకా వెళ్తారు. ఇంట్లో తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

"ఫోన్ ముట్టుకోవద్దు" అంటే వినే వయసు కాదది. అందుకని డబ్బుతో పని లేకుండా అదే సరదా దొరికే దారి చూపించడం మేలు. స్నేహితులంతా కలిసి సొంత లీగ్ పెట్టుకుని, ఆటగాళ్లను పంచుకుని, మ్యాచ్‌లను కంప్యూటర్‌తో ఆడించుకోవచ్చు. ఈ పని చేసేదాన్నే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఏది ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నది చూద్దాం.

ఫాంటసీ వేరు, సిమ్యులేషన్ వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఫాంటసీ ఆటలో ఫలితం మైదానంలో జరిగే నిజమైన మ్యాచ్ మీద ఆధారపడి ఉంటుంది. మీ టీమ్‌లో సిరాజ్ ఉంటే, ఈ రాత్రి అతను నిజంగా తీసే వికెట్లకు మీకు పాయింట్లు వస్తాయి. మ్యాచ్ లేని రోజు ఆట కూడా లేదు.

సిమ్యులేషన్‌లో అలా కాదు. ఆటగాడి పాత రికార్డును, అంటే సగటు, స్ట్రైక్ రేటు, వికెట్లు, ఎకానమీలాంటి లెక్కలను తీసుకుని కంప్యూటరే మ్యాచ్‌ను బంతి బంతికీ ఆడిస్తుంది. అందుకే 1983 నాటి కపిల్ దేవ్‌ను, ఇప్పటి బుమ్రాను ఒకే టీమ్‌లో పెట్టొచ్చు. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌తో ఓపెనింగ్ చేయించొచ్చు. వేసవి సెలవుల్లో అసలు మ్యాచ్‌లే లేకపోయినా లీగ్ నడుస్తుంది.

ఈ అలవాటు బేస్‌బాల్ నుంచి వచ్చింది

మనకు క్రికెట్ ఎలాగో అమెరికా వాళ్లకు బేస్‌బాల్ అలాగ. అక్కడ 1951లో ఏపీబీఏ, 1961లో హాల్ రిచ్‌మన్ తయారుచేసిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అనే బల్ల మీది ఆటలు వచ్చాయి. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు ఉంటుంది. పాచికలు వేసి, వచ్చిన అంకెను కార్డులో చూస్తే ఆ బ్యాటర్ వంతులో ఏమైందో తెలుస్తుంది. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, అతని మిత్రులు న్యూయార్క్‌లో రోటిస్సరీ లీగ్ మొదలుపెట్టారు. నిజమైన ఆటగాళ్ల గణాంకాలతో ఆడే ఇప్పటి ఫాంటసీ క్రీడలకు మూలం అదే.

తర్వాత కార్డుల పని కంప్యూటర్ అందుకుంది. మార్కస్ హైన్‌సోన్ అనే జర్మన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ ఈ రంగంలో పేరున్న సాఫ్ట్‌వేర్. అందులో లీగ్ నడిపే పద్ధతి మనకూ పనికొస్తుంది. కమిషనర్ అనే ఒక పెద్దమనిషి దగ్గర లీగ్ ఫైలు ఉంటుంది. మిగతావాళ్లు తమ టీమ్ మార్పులు అతనికి పంపుతారు. అతను మ్యాచ్‌లు నడిపి ఫలితాలతో ఉన్న ఫైలును అందరికీ ఇస్తాడు. 2020లో కోవిడ్ వల్ల అమెరికాలో బేస్‌బాల్ సీజన్ ఆగిపోయినప్పుడు, స్ట్రాట్-ఓ-మ్యాటిక్ సంస్థ జరగాల్సిన మ్యాచ్‌లను కంప్యూటర్‌లో ఆడించి రోజూ ఫలితాలు ప్రకటించింది.

లోపల జరిగేది ఏమిటి?

ఇది అర్థం కావాలంటే మన బుక్ క్రికెట్ గుర్తు తెచ్చుకుంటే చాలు. బళ్లో వెనక బెంచీలో పుస్తకం తెరిచి, ఎడమ పేజీ నంబరులో చివరి అంకె చూసేవాళ్లు. ఎడమ పేజీకి ఎప్పుడూ సరి సంఖ్యే ఉంటుంది కాబట్టి 0, 2, 4, 6, 8 మాత్రమే వస్తాయి. 0 వస్తే అవుట్. 8 వస్తే ఒక పరుగు అని కొన్నిచోట్ల లెక్క.

ఇదీ సిమ్యులేషనే, కాకపోతే చాలా మొరటుది. అయిదు బంతుల్లో ఒకసారి అవుట్, బంతికి సగటున 2.6 పరుగులు. అంటే ఒక్కో బ్యాటర్ సగటున 5 బంతులాడి 13 పరుగులు చేస్తాడు. పదిమంది అవుటయ్యేసరికి 50 బంతుల్లో 130. పెద్ద లోపం ఏమిటంటే కోహ్లీకీ, పదకొండో నంబరు బౌలర్‌కీ తేడా లేదు. ఇద్దరికీ అదే పుస్తకం!

మంచి సాఫ్ట్‌వేర్ ఒక్కో ఆటగాడికి ఒక్కో "పుస్తకం" తయారుచేస్తుంది. ఒక టీ20 బ్యాటర్‌కు 1 నుంచి 100 వరకు అంకెలను ఇలా పంచామనుకుందాం: 1–5 వస్తే అవుట్, 6–40 డాట్ బాల్, 41–78 సింగిల్, 79–84 రెండు పరుగులు, 85–94 ఫోర్, 95–100 సిక్స్. కూడి చూస్తే 100 బంతులకు 126 పరుగులు, 5 వికెట్లు. అంటే స్ట్రైక్ రేటు 126, సగటు 25కు కాస్త పైన. నమ్మదగిన టీ20 బ్యాటర్ లెక్కే ఇది.

తర్వాత బౌలర్ ఎవరో చూడాలి. ఎదురుగా బుమ్రాలాంటివాడుంటే అవుట్ గడులు 5 నుంచి 7కు పెరగాలి, ఫోర్లు తగ్గాలి. పవర్‌ప్లేలో ఒక లెక్క, చివరి ఓవర్లలో ఇంకో లెక్క. పిచ్, టాస్, మంచు ఇవన్నీ కలిపితే ఆట నిజానికి దగ్గరవుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఈ లెక్కను ఎంత బాగా చేస్తుందన్నదే అసలు ప్రశ్న. బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయన్నది తర్వాతి సంగతి.

చట్టం ఏమంటోంది?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాలని నిర్ణయించి, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. తెలంగాణ 2017లోనే ఆ పని చేసింది. అందుకే డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ యాప్‌లు మన దగ్గర అధికారికంగా నడవలేదు. అయినా ఫోన్‌లో లొకేషన్ మార్చేసి, పక్కనే ఉన్న తమిళనాడులోనో కర్ణాటకలోనో ఉన్నట్టు చూపించే దొంగదారులు కుర్రాళ్లకు తెలుసు.

2025లో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం తెచ్చింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం అయింది. "ఇది నైపుణ్యం ఆట, అదృష్టం ఆట కాదు" అనే పాత వాదనకు ఈ చట్టంలో చోటు లేదు. ఏ రకం ఆటైనా సరే, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఆడితే అది మనీ గేమే. అలాంటివి నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షల దాకా. ఆ వెంటనే డ్రీమ్11 వంటి పెద్ద సంస్థలు డబ్బు పోటీలు ఆపేశాయి. పందెం లేని సామాజిక ఆటలను, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం చట్టం వేరుగా చూస్తుంది.

దీన్ వైపు నుంచి

సూరా అల్-మాయిదా 90, 91 ఆయతుల్లో మద్యంతో పాటు మైసిర్, అంటే జూదం, నిషేధించబడిందని మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. పిల్లలకు అర్థంకానిది ఎక్కడంటే "మేమంతా స్నేహితులమే కదా, తలా వంద రూపాయలు వేసుకుని గెలిచినవాడికి ఇస్తే ఏం?" అన్న దగ్గర. అందరి దగ్గరా తీసి, ఒకడికి ఇచ్చి, మిగతావాళ్లు పోగొట్టుకునే పద్ధతినే ఉలమా ఖిమార్ అంటారు. మొత్తం చిన్నదైనంత మాత్రాన హుకుం మారదు.

ఆడేవాళ్ల దగ్గర ఏమీ వసూలు చేయకుండా చాచానో మామూనో తన జేబులోంచి ఒక బహుమతి ఇస్తే అది పందెం కాదని చాలామంది ఆలిమ్‌లు చెబుతారు. ఇంకో మాట. పాచికలతో ఆడే ఆటలను డబ్బు లేకపోయినా తప్పుపట్టే ఉలమా ఉన్నారు. కాబట్టి బల్ల మీది ఆట తెచ్చుకునేవాళ్లు తమ మసీదు మౌలానాను ఒకమాట అడిగి తెలుసుకోవడం మంచిది.

దొరికేవి ఏమిటి?

మొదటిది, టీమ్‌ను మనం నడిపిస్తే మ్యాచ్‌ను కంప్యూటర్ ఆడించే రకం. ఇంటర్నేషనల్ క్రికెట్ కెప్టెన్ ఇందులో పాతది, 1998 నుంచి ఉంది. బ్యాటింగ్ ఆర్డర్, ఫీల్డింగ్, ఎవరికి ఎప్పుడు బంతి ఇవ్వాలి అన్నది ఆడేవాడి నిర్ణయం. లీగ్ ఆలోచనకు దగ్గరగా ఉండేది ఈ రకమే.

రెండోది, వేళ్లతో బ్యాటు తిప్పే ఆటలు. చెన్నైకి చెందిన నెక్స్ట్ వేవ్ సంస్థ తయారుచేసిన వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్ మన పిల్లల ఫోన్లలో కనిపించేదే. ఆస్ట్రేలియాకు చెందిన బిగ్ ఆంట్ వాళ్ల క్రికెట్ 24 వంటివి పెద్ద కంప్యూటర్, కన్సోల్ ఉన్నవాళ్లకు. ఇవి సరదాగా ఉంటాయి. అయితే ఇందులో గెలిపించేది వేలి చురుకు, టీమ్ ఎంపిక కాదు.

మూడోది, సొంతంగా స్ప్రెడ్‌షీట్‌లో తయారుచేసుకునేది. గూగుల్ షీట్స్ ఉచితం. పైన చెప్పిన 1–100 పట్టికను అందులో పెట్టి, ర్యాండ్‌బిట్వీన్ అనే ఫార్ములాతో అంకెలు తీయొచ్చు. ఆటగాళ్ల లెక్కల కోసం క్రిక్‌షీట్ అనే చోట బంతి బంతి సమాచారం ఉచితంగా దొరుకుతుంది. డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇది ఆట, చదువు రెండూ. ఎస్వీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివే కుర్రాడికి పుస్తకంలోని సంభావ్యత పాఠం ఇక్కడ కళ్ల ముందు ఆడుతుంది.

ఎంచుకునే ముందు ఏడు ప్రశ్నలు

1. డబ్బు ఎక్కడ అడుగుతుంది? ఒకసారి కొంటే అయిపోతుందా, లేక ఆడుతున్నంతసేపూ నాణేలు, పెట్టెలు అమ్ముతుందా? లోపల ఏముందో తెలియకుండా డబ్బు కట్టి తెరిచే పెట్టెలు ఉంటే దూరంగా పెట్టండి. పేరు వేరైనా అలవాటు జూదానిదే.

2. వాలెట్, విత్‌డ్రా అనే మాటలు ఉన్నాయా? ఉంటే ఇక రెండో ప్రశ్న అక్కర్లేదు. ఆ యాప్ తీసేయాల్సిందే.

3. మన ఆటగాళ్లను చేర్చుకోవచ్చా? ఆంధ్ర ప్రీమియర్ లీగ్ కుర్రాళ్లనో, తారకరామ స్టేడియంలో ఆడే తమ కాలేజీ టీమ్‌నో పెట్టుకోవాలని పిల్లలకు ఉంటుంది. పేర్లు, లెక్కలు మార్చుకునే వీలున్నది ఎంచుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

4. కొద్ది మ్యాచ్‌ల రికార్డును ఎలా చూస్తుంది? రెండే మ్యాచ్‌లాడి 220 స్ట్రైక్ రేటున్న కొత్త కుర్రాడిని సాఫ్ట్‌వేర్ అలాగే నమ్మితే, వాడు లీగ్‌లో అందరినీ ఉతికేస్తాడు. మంచి సాఫ్ట్‌వేర్ అలాంటి లెక్కను మామూలు సగటు వైపు లాగుతుంది. సొంతంగా చేసుకునేవాళ్లు కనీసం ఇన్ని బంతులు ఆడి ఉండాలి అని ఒక హద్దు పెట్టుకోవాలి.

5. ఫలితాలు నమ్మేలా ఉన్నాయా? ఒకే మ్యాచ్‌ను వందసార్లు ఆడించి చూడండి. టీ20 స్కోర్లు ఎక్కువగా 140–200 మధ్య పడాలి. ప్రతిసారీ 260 కొడుతుంటే లెక్క తప్పు. బలమైన టీమ్ వందకు వంద గెలిచినా తప్పే. క్రికెట్‌లో బలహీనుడికీ ఒక రోజు ఉంటుంది.

6. ఇంట్లో ఉన్న ఫోన్‌లో నడుస్తుందా? ఎనిమిదిమందిలో ఇద్దరికే ల్యాప్‌టాప్ ఉంటే, కమిషనర్ ఒక్కడి దగ్గర కంప్యూటర్ ఉండి మిగతావాళ్లు వాట్సాప్‌లో టీమ్ పంపే పద్ధతి పెట్టుకోవాలి. లేదంటే పేదింటి పిల్లోడు లీగ్‌లోంచి జారిపోతాడు.

7. ఏయే అనుమతులు అడుగుతోంది? క్రికెట్ ఆటకు కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లతో పనేంటి? 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ప్లే స్టోర్‌లో లేకుండా టెలిగ్రామ్ లింకుతో వచ్చే ఫైలును ఫోన్‌లోకి ఎక్కించనే కూడదు.

లీగ్ నడిపే తీరు

ఎనిమిదిమంది స్నేహితులనుకుందాం. తలా 15 మంది ఆటగాళ్లు, మొత్తం 120 మంది. వేలంపాటకు తలా వంద పాయింట్లు. అవి రూపాయలు కావు, లీగ్ అయిపోయాక వాటికి విలువ లేదు. అందరూ అందరితో ఒక్కోసారి ఆడితే 28 మ్యాచ్‌లు. రోజుకు నాలుగు చొప్పున నడిపితే ఏడు రోజుల్లో లీగ్ దశ పూర్తవుతుంది. వారానికి రెండు రోజులే పెట్టుకుంటే నెల దాటదు, చదువుకూ అడ్డం కాదు.

గొడవలు ఎక్కువగా వచ్చేది నమ్మకం దగ్గరే. కమిషనర్ తన టీమ్ ఓడితే ఆ ఫలితం చెరిపేసి మళ్లీ ఆడిస్తే ఎవరికి తెలుస్తుంది? స్ప్రెడ్‌షీట్‌లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఏ గడిలో చిన్న మార్పు చేసినా ర్యాండ్‌బిట్వీన్ కొత్త అంకెలు తీసేస్తుంది, గెలిచిన మ్యాచ్ ఓడిపోయినట్టు మారిపోతుంది. అందుకే మ్యాచ్ కాగానే అంకెలను విలువలుగా మాత్రమే వేరే చోట పేస్ట్ చేసుకోవాలి. మ్యాచ్‌ను వీడియో కాల్‌లో అందరూ చూస్తుండగా ఆడించాలి. కమిషనర్‌కు సొంత టీమ్ లేకపోతే ఇంకా మంచిది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో సీడ్ అనే అంకె ఉంటుంది. టీమ్‌లు ఖరారయ్యాక ఆ అంకెను అందరి ముందూ నిర్ణయిస్తే, అదే అంకెతో ఎవరు నడిపినా అదే ఫలితం వస్తుంది కాబట్టి అనుమానానికి చోటుండదు. లీగ్ ఫైలు కమిషనర్ చేతిలో అమానత్. పిల్లలు ఈ మాటను ఆటలోనే నేర్చుకుంటే జీవితంలో పనికొస్తుంది.

టైము కూడా ముందే రాసుకోవాలి. మగ్రిబ్‌కు, ఇషాకు మధ్య మ్యాచ్ పెడితే రెండూ పాడవుతాయి. రంజాన్‌లో తరావీహ్ వదిలి వేలంపాటలో కూర్చునే లీగ్ అసలు ఉండకపోవడమే మేలు.

అబ్బా, అమ్మీలు చూడాల్సింది

పిల్లోడు ఏ లీగ్ ఆడుతున్నాడో ఒకసారి పక్కన కూర్చుని చూపించమనండి. డబ్బు లేని ఆటైతే వాడు దాచడు, ఇంకా ఉత్సాహంగా చూపిస్తాడు. ఫోన్ తిప్పేసుకోవడం, రాత్రిళ్లు బాత్‌రూమ్‌లో గంటలు గంటలు ఉండటం, బ్యాంకు నుంచి చిన్న చిన్న మొత్తాలు పోవడం, స్నేహితుల దగ్గర అప్పులు కనిపిస్తే మాత్రం విషయం వేరు. అప్పుడు కొట్టి, తిట్టి లాభం లేదు. భయపడిన పిల్లోడు అప్పు తీర్చడానికి మళ్లీ అక్కడికే పోతాడు. ముందు ఎంత పోయిందో నిదానంగా కూర్చుని లెక్క తీయాలి, యూపీఐ పిన్ మార్చాలి. మోసపోయి ఉంటే సైబర్ క్రైమ్ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. మనసు బాగా కుంగిపోయి ఉంటే టెలి-మానస్ 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

అన్నిటికంటే తేలికైన మొదటి మెట్టు ఇంట్లోనే ఉంది. అబ్బాకు బుక్ క్రికెట్ వచ్చు. ఒక ఆదివారం పాత పుస్తకం తెరిచి పిల్లలతో ఒక మ్యాచ్ ఆడి, "ఇందులో కోహ్లీకి, బౌలర్‌కి తేడా లేదే, ఎలా తేవాలి?" అని అడిగితే చాలు. అక్కడి నుంచి పట్టిక గీసేది, షీట్ తయారుచేసేది పిల్లలే. దానికి రూపాయి ఖర్చు లేదు.